సంకల్పంలో ఏ నది?

సిడ్నీ పడమటి శివారులో మా గృహప్రవేశం నాడు పంతులుగారు సంకల్పం చెబుతూ 'కృష్ణా గోదావర్యోః' అనబోయి ఆగారు. "ఇక్కడ దగ్గర్లో ఏ నదండీ?" అన్నారు. హాక్స్‌బరీ అని చెప్పాను. దాన్నే మంత్రంలో కలిపేశారు. ఆ నదిని ఇక్కడి ఆదివాసులైన దారుగ్ ప్రజలు ద్యారబ్బిన్ అంటారని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

విరాడ్జురి అనే ఆస్ట్రేలియా ఆదివాసీ జాతికి చెందిన రచయిత్రి తారా జూన్ వించ్ 2019లో రాసిన 'ది యీల్డ్' నవల చదివినప్పటి నుంచి ఆ రోజే గుర్తొస్తోంది. చనిపోయేముందు ఒక తాత తన భాషకు నిఘంటువు రాస్తాడు. అంత్యక్రియలకు విదేశం నుంచి వచ్చిన మనవరాలికి, తాము పుట్టిపెరిగిన చోటు గనికి పోతోందని తెలుస్తుంది. యీల్డ్ అంటే మనకు దిగుబడి, నేల నుంచి తీసుకునేది. తాత భాషలో మాత్రం ఆ మాట నేలకు ఇవ్వడాన్ని చెబుతుంది. అక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఎకరానికి ఎన్ని బస్తాలన్న లెక్కల మధ్య పెరిగినవాణ్ణి. కానీ జనుము చల్లి, పూతకు రాగానే దున్నేస్తూ "నేలకీ తిండి పెట్టాలిరా" అనే నాన్న మాట కూడా నాదే కదా!

ఈ నేల ఎవరిదీ కాదన్న వాదాన్ని 1992లో ఆస్ట్రేలియా హైకోర్టు ఇచ్చిన మాబో తీర్పు కొట్టేసింది. అయినా భూమిపై హక్కు కావాలంటే, దానితో తమ బంధం తెగలేదని ఆదివాసులే రుజువు చేసుకోవాలి. వాళ్ల పిల్లల నోట సొంత భాష రాకుండా చేసి, ఇప్పుడు రుజువు అడగడం అన్యాయం. అందుకే ఆ తాత నిఘంటువు నాకు పట్టాకాగితంలా కనిపిస్తుంది.

2020 జనవరి 4న సిడ్నీ పడమటి శివారు పెన్‌రిత్‌లో 48.9 డిగ్రీల ఎండ. ఆకాశమంతా కార్చిచ్చుల పొగ. మనం మాస్కులు, ఏసీల గురించి మాట్లాడుకున్నాం. చల్లటి రోజుల్లో చిన్నచిన్న మంటలతో అడవిని కాచుకున్న తమ పద్ధతిని మాన్పించారని ఆదివాసీ పెద్దలు ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు. మనకు వినే తీరిక లేకపోయింది.

మన ఉగాది సభల్లో ఈ నేల అసలు వారసులైన ఆదివాసులకు గౌరవంగా చెప్పే రెండు వాక్యాలను గబగబా చదివేస్తున్నాం. వాటిని తెలుగులో, నిదానంగా చెబుదాం. తెలుగు బడి పిల్లలకు గోదావరితో పాటు ద్యారబ్బిన్ పేరూ నేర్పుదాం.

మొన్న సత్యనారాయణ వ్రతానికి ముందే పంతులుగారికి ఆ పేరు రాసిచ్చాను. ఆయన రెండుసార్లు మెల్లగా పలికి చూసుకుని, సంకల్పం మొదలుపెట్టారు.