పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు

కనుమ నాడు కాకైనా కదలదంటారు. మా బావమరిది కదిలాడు. "బావా, దీన్ని 4 గిగాహెర్ట్జ్‌కి లేపాలి" అంటూ తన కంప్యూటర్ కేబినెట్ మోసుకొచ్చి నా ముందు పెట్టాడు. హైదరాబాద్‌లో నేను రోజంతా ఎక్సెల్ షీట్లు నింపుతానంటే భీమవరం చుట్టుపక్కల ఒక్కరూ నమ్మరు. సాఫ్ట్‌వేర్ అల్లుడంటే అన్నీ వచ్చి తీరాలి.

రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు. ఊడదీసి, దాని అట్టపెట్టె మీదే పడుకోబెట్టి, భోజనాల బల్ల మీద పెట్టాం. పవర్ బటన్ పిన్నులు రెంటికీ స్క్రూడ్రైవర్ తాకిస్తే స్టార్టవుతుంది. అది చూసి అత్తగారు పరుగున వెళ్లి నాకు రబ్బరు చెప్పులు తెచ్చారు. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్, మల్టిప్లయర్ 34, రెండూ గుణిస్తే ప్రాసెసర్ వేగం. దాన్ని 40 చేసి, వోల్టేజీ 1.35 ఇచ్చాం. పందెం కోడికి జీడిపప్పు మేపినట్టే, బలమూ వస్తుంది, ఒళ్లూ కాలుతుంది. వోల్టేజీ పెంచితే వేడి దాని వర్గం లెక్కన పెరుగుతుందని మేం చూసిన వీడియోలో కుర్రాడు చెప్పలేదే! ఏసీ గదిలో కూర్చుని "ఎంజాయ్ ఫ్రెండ్స్" అన్నాడంతే. అయినా సిస్టమ్ నిలబడింది. ఆ ఊపులో 2666 ర్యామ్‌ని కూడా 3200కి తోసి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి, అది తేలడానికి గంటలు పడుతుంది కదా అని మేడ మీదకెళ్లి పడుకున్నాను.

బీప్ వినపడాలని బావమరిది బోర్డుకో స్పీకరు తగిలించాడు. ఇప్పుడొచ్చే బుల్లి బజర్ కాదు, ఏ కాలం నాటి కేబినెట్‌లోంచో పీకిన అట్ట కోన్ స్పీకరు. దాని మీద నాకింకా కోపం తగ్గలేదు.

తెల్లవారుజామున 3 గంటలకి ర్యామ్ చేతులెత్తేసింది. సిస్టమ్ రీస్టార్టయింది, మెమరీ దొరకలేదు. ఆ బోర్డుకి మెమరీ దొరక్కపోతే పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు, ఆపకుండా కూస్తుంది.

అదే హాల్లో గోడకి మావగారి ఫేజ్ ఫెయిల్ అలారం ఉంది, మూడు ఫేజుల కరెంటులో ఒకటి పోయినా కూసేది. ఇంటి వెనకే వనామి రొయ్యల చెరువు. రాత్రిపూట నీళ్లలోని నాచు కూడా ఆక్సిజన్ లాగేసుకుంటుంది, తెల్లారేముందు డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అడుగంటుతుంది. ఆ వేళ నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగాయా, పొద్దున్నకి పట్టుబడికి రొయ్య మిగలదు. మావగారు లుంగీ ఎగ్గట్టి గట్టు మీదకి పరిగెత్తారు. ఏరియేటర్లు నిక్షేపంగా తిరుగుతున్నాయి. ఇంకొకరైతే వెనక్కొచ్చి ముసుగుతన్నేవారు. ఆయన అనుభవజ్ఞుడు. ఒక ఫేజు పోయినా మోటారు మిగతా రెండింటి మీద మూలుగుతూ తిరుగుతుందనీ, చివరికి వైండింగ్ కాలిపోతుందనీ తెలిసిన మనిషి. చెరువు మెయిన్ ఆపేసి జనరేటర్ వేశారు. ఆ చప్పుడుకి పక్క చెరువాయన లేచి తనదీ వేశాడు. ఆయన్ని చూసి ఆ అవతలాయన. కాలవ గట్టు పొడుగునా డీజిల్ తగలబడుతోంది, స్తంభాల మీద మూడు ఫేజులూ చల్లగా ఉన్నాయి.

ఇంట్లో కూత ఆగదే! అత్తగారు స్టూలెక్కి అలారం స్విచ్చి నొక్కారు. ఆగలేదు. మా తోడల్లుడు రంగంలోకి దిగాడు. పగలంతా బరి దగ్గర పోగొట్టుకున్నది ఎవరి మీద చూపించాలా అని కాసుక్కూర్చున్న మనిషి. వైర్లు పీకాడు. బ్యాటరీ లాగేశాడు. ఆగలేదు. "లోపల కెపాసిటర్‌లో ఛార్జ్ ఉంటుందత్తయ్యా" అని పాఠం చెప్పి, పెట్టెని గోడ నుంచి ఊడబెరికి, పెరట్లో కుడితి తొట్టిలో ముంచాడు. ముంచి, చెవి పెట్టి విని, "కొంచెం తగ్గింది కదూ?" అన్నాడట. తగ్గిందని అత్తగారు కూడా ఒప్పుకున్నారట! ఇంతా జరుగుతుంటే భోజనాల బల్ల మీద నా బోర్డు లైట్లు వెలిగించుకుని, ఫ్యాను తిప్పుకుంటూ కూస్తోంది. దాన్ని అనుమానించినవాళ్లు లేరు. బావమరిది చెవులకి హెడ్‌ఫోన్స్, వాడికి అసలు తెల్లారనే లేదు.

లైన్‌మన్‌కి ఫోన్ చేసిందీ తోడల్లుడే. పండగ పూట, ఆ వేళప్పుడు. అతను వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ చూసి, అన్న మాటలు రాస్తే బావుండదు.

నేను దిగొచ్చి ప్లగ్గు పీకాను. ఇల్లంతా నిశ్శబ్దం. అన్ని తలలూ నా వైపు తిరిగాయి.

సీమాస్, అంటే బోర్డు సెట్టింగులు దాచుకునే చోటు, క్లియర్ చెయ్యాలంటే సీఆర్2032 బ్యాటరీ బిళ్ల తియ్యాలి. ఆ బిళ్లని సరిగ్గా గ్రాఫిక్స్ కార్డు కిందే దాచాలని ఏ మహానుభావుడికి తోచిందో! కార్డు పీకి, బిళ్ల తీసి పెడితే మళ్లీ 3.4కి వచ్చి బుద్ధిగా కూర్చుంది. అవసరమొస్తే ఒక కోర్ మీద తనంతట తనే 3.9 దాకా వెళ్లే ప్రాసెసర్ అది. మేం సాధించబోయింది ఆ పైన 0.1.

పొద్దున్న మావగారు రెండో పెసరట్టు దాకా నోరు విప్పలేదు. తర్వాత మెల్లిగా, "అల్లుడుగారూ, మన అలారం ఎలాగూ పోయిందండి. మీ పెట్టె గట్టు దాకా వినపడింది. దాన్నే గోడకి కొట్టించేద్దామా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా తోడల్లుడు అందుకున్నాడు.

"కొట్టించండి మావయ్యగారూ. వీటికి వాటర్ కూలింగ్ కూడా ఉంటుందండి."