విప్పనివ్వని కత్తిని అమ్మడం ఎందుకు?

బటన్ లాక్ ఉన్న మడత కత్తి కొన్నవారిలో చాలామంది ఉక్కు పేరు చెబుతారు, పిడి రంగు చూపిస్తారు, బొటనవేలితో తడితే బ్లేడు ఎంత చురుగ్గా తెరుచుకుంటుందో వీడియో తీసి పెడతారు. లోపల ఆ బటను ఏం చేస్తుందో, ఎప్పుడు ఆ పని సరిగా చేయదో మాట్లాడేవారు తక్కువ. ఇందులో కొన్నవారి అశ్రద్ధ కొంత ఉన్నా, కత్తిని విప్పితే వారంటీ చెల్లదని కార్డు మీద అచ్చువేసి, స్క్రూలకు గట్టి జిగురు దట్టించి పంపే తయారీదారుల పాత్ర అంతకంటే ఎక్కువ. యజమాని తరచుగా విప్పి శుభ్రం చేసుకోవలసిన లాకుల్లో బటన్ లాక్ ముందు వరుసలో ఉంటుందనీ, ఆ పని చేసుకోనివ్వని సంస్థకు ఈ రకం కత్తి అమ్మే అర్హత లేదనీ నా గట్టి అభిప్రాయం.

బటన్ నొక్కగానే స్ప్రింగు బలంతో బ్లేడు బయటికి దూకే కత్తి గురించి నేను మాట్లాడటం లేదు. ఇక్కడ బ్లేడును తెరిచేది మన వేలే; తెరిచిన బ్లేడును బిగించి పట్టుకోవడం, నొక్కినప్పుడు వదిలిపెట్టడం మాత్రమే బటను పని. పిడిలో, ఇరుసుకు దగ్గరగా, ఒక చిన్న ఉక్కు కడ్డీ అడ్డంగా అమర్చి ఉంటుంది. పైకి కనబడే బటను ఆ కడ్డీ తలే. కడ్డీ ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. దాని అడుగున చుట్టల స్ప్రింగు ఉంటుంది. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే దాని మొదట్లో చెక్కిన గంటులోకి కడ్డీ లావు భాగం ఎగదన్నుకుని వచ్చి బిగుసుకుంటుంది. బటను నొక్కితే ఆ గంటుకు ఎదురుగా సన్నని భాగం వస్తుంది కనుక బ్లేడు అడ్డు లేకుండా తిరుగుతుంది. మంచి తయారీలో లావు భాగాన్ని కాస్త ఏటవాలుగా చెక్కుతారు. వాడకంలో అరిగినకొద్దీ కడ్డీ మరి కొంచెం పైకి వచ్చి ఆ అరుగుదలను తానే పూడ్చుకుంటుంది.

ఈ అమరిక నాకు నచ్చడానికి కారణం వేళ్ల క్షేమం. అమెరికా కత్తుల తయారీదారు మైకేల్ వాకర్ 1980ల తొలినాళ్లలో రూపుదిద్దిన లైనర్ లాక్ (పిడి లోపలి లోహపు పట్టీ పక్కకు జరిగి బ్లేడును ఆపే రకం) చవక కత్తుల్లో నేటికీ కనిపిస్తుంది. దాన్ని మూయాలంటే బొటనవేలిని బ్లేడు మూసుకునే దారిలోనే పెట్టాలి. ఫ్రాన్సులో తయారయ్యే ఒపినెల్ కత్తికి 1955లో చేర్చిన తిరుగుడు ఉంగరం చాలా నమ్మకమైనదే గానీ, దాన్ని తిప్పడానికి రెండో చేయి కావాలి. బటన్ లాకులో వేలు బ్లేడు దారికి ఎడంగానే ఉంటుంది, ఒక్క చేత్తోనే పని అయిపోతుంది. ఎడమచేతివాటం వారు మాత్రం చూపుడువేలితో నొక్కడం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే ఎక్కువ కత్తుల్లో బటను కుడిచేతి బొటనవేలికి అందే పక్కనే ఉంటుంది.

ఇంత చక్కటి అమరికకు దుమ్మే శత్రువు. జీన్స్ జేబులో నెలల తరబడి తిరిగిన కత్తిని విప్పి చూడండి. బటను గుంటలో నీలి నూలు పీచు, అట్టపెట్టెలు కోసినప్పుడు రాలిన పొడి, పార్సెల్ టేపు జిగురు, పాత నూనె అన్నీ కలిసి నల్లటి ముద్దయి స్ప్రింగు చుట్ల మధ్య ఇరుక్కుని ఉంటాయి. ఆ ముద్ద అడ్డుపడితే కడ్డీ పైదాకా రాదు, దాని లావు భాగం గంటులో సగమే కూర్చుంటుంది, అయినా చెవికి మాత్రం రోజూ వినే ‘టక్’ చప్పుడే వినిపిస్తుంది. ప్రమాదమంతా ఆ సగంలోనే ఉంది. కాబట్టి కత్తి తెరిచిన ప్రతిసారీ బటను తల కొన్ననాటి ఎత్తుకు వచ్చిందో లేదో చూపుడువేలితో తడిమి చూడటం మంచి అలవాటు. బ్లేడు వెనుక భాగాన్ని బల్లకేసి కొట్టి లాక్ బలం పరీక్షించేవారు దాన్ని పాడుచేయడం తప్ప సాధించేది ఏమీ లేదు.

ఇక నూనె సంగతి. బటను కాస్త పట్టేసినట్టు అనిపించగానే కుట్టుమిషను నూనె డబ్బా తెచ్చి గుంట నిండా పోసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ పూటకు అది జారుతుంది, నిజమే, కానీ ఆ నూనే తర్వాతి వారాల్లో జేబులోని పీచునంతా లోపలికి పిలుచుకుంటుంది. ఇరుసు దగ్గర వాషరుకు ఒకటీ అరా చుక్కలు వేస్తే చాలు. బేరింగులున్న కత్తికి అంతకంటే తక్కువే. కొత్త కత్తిలో బటను నొక్కితే బరువుగా, పట్టిపట్టి వదులుతున్నట్టు ఉంటే దానికి కారణం చాలాసార్లు కడ్డీ అంచుకూ బ్లేడు గంటుకూ మధ్య ఉక్కు ఉక్కును పట్టుకోవడమే. మణికట్టు విసిరి బలంగా తెరిచేకొద్దీ అది మరింత బిగుసుకుంటుంది. ఆ రెండూ కలిసే చోట మెత్తని పెన్సిలుతో నాలుగు గీతలు గీస్తే గ్రాఫైటు పొడిగానే పనిచేస్తుంది, దుమ్మును అంటించుకోదు. చాలా కత్తులకు ఈ వైద్యం సరిపోతుంది.

సరిపోనప్పుడు విప్పాలి. అది భయపడాల్సినంత పని కాదు. ఇరుసు స్క్రూకు సాధారణంగా టి8, పిడి స్క్రూలకు టి6 కొలత టార్క్స్ బిట్లు, అంటే నక్షత్రం ఆకారపు మొన ఉన్నవి, పడతాయి. బిట్లు మాత్రం నాసిరకానివి కొనకూడదు, ఎందుకంటే స్క్రూ తలలోని గాడి ఒకసారి గుండ్రంగా అరిగిపోతే ఆ తర్వాత కథ వేరు. స్క్రూ మొరాయిస్తే బలం చూపకుండా, సోల్డరింగ్ ఐరన్ మొనను దాని తలకు కాసేపు ఆనిస్తే జిగురు మెత్తబడుతుంది. పిడి పలకను ఎత్తేటప్పుడు బటనును వేలితో అదిమి ఉంచాలి, లేకపోతే స్ప్రింగు ఎగిరి మంచం కింద ఎక్కడో పడుతుంది. అన్నీ బయటికి వచ్చాక కడ్డీని వెలుతురులో తిప్పి చూస్తే, లావు భాగం మీద బ్లేడు ఆనిన చోట చంద్రవంక ఆకారంలో ఒక సన్నని మెరుపు కనబడుతుంది. ఆ మెరుపు ఒకే వెడల్పున నున్నగా ఉంటే లాక్ ఆరోగ్యంగా ఉన్నట్టు. గీతలు పడి, వేలికి గరుకుగా తగిలితే అది త్వరలో మార్చవలసిన కడ్డీ. భాగాలను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచి, పాత పళ్ల బ్రష్షుతో తోమి, పూర్తిగా ఆరనిచ్చి బిగించాలి. పక్కకు ఊగకుండా, అలాగని పట్టేయకుండా బ్లేడు తిరిగే వరకు ఇరుసు స్క్రూను గోరంత గోరంతగా సర్దుకోవాలి. ఆ స్థానం నిలవడానికి నీలి రంగు స్క్రూ జిగురు ఒక చిన్న చుక్క చాలు. అది చేతి పనిముట్లతో తిరిగి విప్పుకోవడానికి వీలుగా తయారైనది. కొన్ని సంస్థలు వాడే, వేడిచేస్తే గానీ వదలని ఎర్ర జిగురును చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

యజమాని సరిగా బిగించకపోతే ప్రమాదం జరుగుతుందనీ, ఆ బాధ్యత తమ మీద పడుతుందనీ తయారీదారులు చెప్పే వాదనను నేను కొట్టిపారేయను. అయితే బిగింపు సరిగా ఉందో లేదో మనిషి చేత్తో చూసుకోగలడు. మూసిన గుంటలో పేరుకున్న ముద్ద మాత్రం విప్పితే తప్ప కనబడదు. రెంటిలో ఏది ఎక్కువ ప్రమాదమో వారే ఆలోచించుకోవాలి. పైగా విదేశీ కత్తి కొన్న హైదరాబాదు వాసికో, విజయవాడ వాసికో ‘సర్వీసు కేంద్రానికి పంపండి’ అన్న సలహాకు అర్థమేముంది? కత్తి ఉన్న పార్సెలు సముద్రం దాటి వెళ్లి తిరిగి రావడానికి అయ్యే ఖర్చుతో ఇంకో కత్తి కొనుక్కోవచ్చు.

బ్లేడు విషయం క్లుప్తంగా చెబుతాను. చవకలో దొరికే డి2 ఉక్కులో తుప్పును ఆపే క్రోమియం సుమారు 12 శాతం ఉన్నా, అందులో కొంత కార్బైడ్లు అనే గట్టి రేణువుల్లో చిక్కుకుపోతుంది కాబట్టి విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తుప్పు చుక్కలు తప్పవు. తుప్పును బాగా తట్టుకునే 14సీ28ఎన్ వంటి ఉక్కు అక్కడ మేలు. ఏ ఉక్కయినా ఈ కత్తితో నిమ్మకాయ, మామిడికాయ కోయకండి. రసం బ్లేడు వెంట జారి ఇరుసులోకి, బటను గుంటలోకి దిగుతుంది, తర్వాత బ్లేడును తుడిచినా లోపలి తడి అలాగే ఉండిపోతుంది. కాయలకు కత్తిపీట ఉండనే ఉంది. పదును పెట్టించడానికి వీధిలో సైకిలు చక్రంతో తిరిగే సానవారికి కత్తిపీట నిరభ్యంతరంగా ఇస్తాను, ఈ కత్తిని మాత్రం ఇవ్వను. నీరు లేని సాన చక్రం మీద పలుచని వాదర నీలిరంగుకు తిరిగిందంటే అక్కడి ఉక్కు బిగువు పోయినట్టే.

దీన్ని జేబులో పెట్టుకుని తిరిగేవారు చట్టాన్ని కూడా తెలుసుకోవాలి. కేంద్ర ఆయుధ నిబంధనల్లో బ్లేడు కొలత 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పుకు మించితేనే కత్తి ఆయుధాల లెక్కలోకి వస్తుందన్న పరిమితి చదివి నిశ్చింతగా ఉండేవారు ఢిల్లీ వెళ్లేటప్పుడు జాగ్రత్తపడాలి. అక్కడి 1980 నాటి ప్రభుత్వ ప్రకటన స్ప్రింగుతోనో, బటనుతోనో, మరో యాంత్రిక సాధనంతోనో తెరుచుకునే లేదా మూసుకునే కత్తుల తయారీని, అమ్మకాన్ని, అమ్మకానికి దగ్గర ఉంచుకోవడాన్ని అడ్డుకుంటుంది; 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు నుంచే అది వర్తిస్తుంది. మన జేబు కత్తుల్లో చాలావాటి కొలత సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంటుంది. తెరిచేది వేలే, మూసేటప్పుడే బటను అని దారిలో ఆపిన కానిస్టేబులుకు వివరించి లాభం లేదు. బ్రిటన్‌లో చదువుకునే మన పిల్లలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ లాక్ పడే కత్తిని తగిన కారణం లేకుండా బహిరంగంగా వెంట ఉంచుకోవడమే నేరం, బ్లేడు ఎంత పొట్టిదైనా సరే. విమాన ప్రయాణంలో చెకిన్ సామానులో పెట్టాలని వేరే చెప్పనక్కర్లేదు.

చివరగా తయారీదారులకు ఒక మాట. పాకెట్ క్లిప్పును నాలుగు రంగుల్లో, పిడి పలకలను ఆరు రకాల్లో విడిగా అమ్ముతున్నారు. పట్టుమని పది రూపాయల విలువ చేయని బటను స్ప్రింగు, దాంతోపాటు ఒక కడ్డీ విడిగా ఇవ్వమంటే మాత్రం కుదరదంటున్నారు. కొత్త కత్తి పెట్టెలో స్టిక్కర్లు పెట్టే చోట ఆ రెండూ పెట్టండి.