మోకాలు కుదరలేదు, లెక్క కుదిరింది

2025 సెప్టెంబర్ మొదటి వారంలో మాంట్రియల్ కెనడియన్స్ అనే ఐస్ హాకీ క్లబ్ తన గోల్‌కీపర్ కేరీ ప్రైస్‌ను శాన్ హోసే షార్క్స్‌కు ఇచ్చేసింది. ప్రైస్ చివరి మ్యాచ్ ఆడింది 2022 ఏప్రిల్ 29న. మోకాలు ఇక సహకరించదని అతనికి తెలుసు, పంపిన క్లబ్బుకు తెలుసు, పుచ్చుకున్న క్లబ్బుకూ తెలుసు. శాన్ హోసే జెర్సీ వేసుకుని అతను మంచు మీద అడుగు పెట్టే ప్రసక్తే లేదు. పైగా అతన్ని తీసుకున్నందుకు షార్క్స్‌కు, కొత్త కుర్రాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే 2026 డ్రాఫ్ట్‌లో, ఐదో రౌండ్ ఎంపిక ఒకటి కొసరుగా ముట్టింది. మాంట్రియల్‌కు తిరిగి వచ్చింది గ్యానన్ లారోక్ అనే కుర్ర డిఫెన్స్‌మన్. అదీ పేరుకే. నిజానికి ఆ రోజు చేతులు మారింది ఒక అంకె: ఏడాదికి కోటీ 5 లక్షల డాలర్లు.

హాకీ అంటే మనకు ధ్యాన్‌చంద్ గుర్తొస్తారు. ఇది వేరే లోకం. అమెరికా, కెనడాల్లోని 32 క్లబ్బుల లీగ్, ఎన్‌హెచ్‌ఎల్. ఇక్కడ ఒక్కో క్లబ్బు ఆటగాళ్ల జీతాల మొత్తానికి శాలరీ క్యాప్ అనే గరిష్ఠ హద్దు ఉంటుంది. ఒప్పందం మొత్తాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చే సగటునే ఆ హద్దులో లెక్క రాస్తారు. 2025-26 సీజన్‌కి అది 9.55 కోట్ల డాలర్లు. మన ఐపీఎల్ పర్సు లాంటిదే అనుకోవచ్చు. కానీ ఐపీఎల్‌లో మూడేళ్లకోసారి మెగా వేలం పెట్టి పలక తుడిచేస్తారు. 2022 వేలంలో ముంబై ఇండియన్స్ జోఫ్రా ఆర్చర్‌ను 8 కోట్లకు కొన్న సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది అతను ఆడడని తెలిసే కొన్నారు. 2023లో 5 మ్యాచ్‌లు ఆడి మళ్లీ గాయపడ్డాడు, వదిలేశారు, కథ అయిపోయింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో అలా కుదరదు. 8 ఏళ్లకు సంతకం పెడితే 8 ఏళ్లూ నడవాల్సిందే. జీతానికి గ్యారంటీ ఉంటుంది. కొంత సొమ్ము చెల్లించి ఒప్పందం తెంచుకునే బైఅవుట్ పద్ధతి ఉన్నా, గాయంతో ఉన్నవాడి మీద దాన్ని వాడకూడదు. ఆటగాడు తనంతట తాను రిటైర్ అయితే మాత్రం మిగిలిన జీతం వదులుకోవాలి. అందుకే కీళ్లు అరిగిపోయిన స్టార్లు ఎవరూ రిటైర్మెంట్ అనే మాట నోటి వెంట రానివ్వరు. రానివ్వమని అడగడం కూడా న్యాయం కాదు. ఆ కీళ్లు అరిగింది క్లబ్బు కోసమే కదా.

గాయాల చరిత్ర ఉన్న స్టార్‌కు ఎంత ఇచ్చారు అన్నదాని మీదే అభిమానులు కొట్టుకుంటారు. నేను మాత్రం ముందు ఎన్నేళ్లకు ఇచ్చారో చూస్తాను. మేనేజ్‌మెంట్‌ను ముంచేది ఆ రెండో అంకె. దీనికి మాంట్రియల్ కన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు, ఎందుకంటే ఒకే క్లబ్బు పదేళ్లలో ఈ తప్పు రెండుసార్లు చేసి, ఆ తర్వాత నేర్చుకుంది కూడా.

2014-15లో ప్రైస్ ఆడిన ఆటను చూసినవాళ్లు ఇప్పటికీ మర్చిపోరు. 44 విజయాలు, తన వైపు వచ్చిన షాట్లలో 93.3 శాతం ఆపడం, ఉత్తమ గోల్‌కీపర్‌కిచ్చే వెజినా, లీగ్ మొత్తానికీ విలువైన ఆటగాడికిచ్చే హార్ట్, రెండు ట్రోఫీలూ ఒకే ఏడాది. బ్రిటిష్ కొలంబియాలో అనహిమ్ లేక్ అనే మారుమూల ఊరి పిల్లాడు. తండ్రి చిన్న విమానం కొని, ప్రాక్టీసు కోసం 300 కిలోమీటర్ల పైచిలుకు దూరం గాల్లో తీసుకెళ్లేవాడు. అలాంటి కథ ఉన్నవాడిని ఏ నగరం గుండెల్లో పెట్టుకోదు? కానీ మరుసటి సీజన్ 2015-16లో మోకాలి గాయంతో 12 మ్యాచ్‌లే ఆడాడు. ఆ ఏడాది మాంట్రియల్ కుప్పకూలింది.

2017 జూలై 2న జనరల్ మేనేజర్ మార్క్ బెర్జవిన్ ప్రైస్‌తో 8 ఏళ్లకు 8.4 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. పాత ఒప్పందానికి ఇంకా ఏడాది గడువుంది. కొత్తది మొదలయ్యేసరికి ప్రైస్‌కు 31 వస్తాయి, ముగిసేసరికి 38 దాటుతాయి. మోకాలు ఒకసారి హెచ్చరించింది కూడా. అయినా కొత్త ఒప్పందానికి నియమాలు అనుమతించిన రెండో రోజే సంతకం పెట్టేశారు. పాత ఒప్పందంలోని ఆ మిగిలిన ఏడాది, 2017-18లో, ప్రైస్ ఆపిన షాట్లు 90 శాతానికి పడిపోయాయి. ఒక్క ఏడాది ఆగి ఉంటే బేరం ఇంకోలా నడిచేది. డబ్బు తగ్గకపోయినా ఏళ్లు తగ్గించమని అడిగే ధైర్యం వచ్చేది.

బెర్జవిన్ పరిస్థితి నాకు అర్థం కాకపోలేదు. అంతకు ఏడాది ముందే జనం ప్రాణంగా చూసుకున్న పీకే సుబ్బన్‌ను నాష్‌విల్‌కు పంపి, బదులుగా షియా వెబర్‌ను తెచ్చుకున్నాడు. ప్రైస్ కూడా వెళ్లిపోతాడేమో అన్న టెన్షన్ నగరమంతా ఉంది. పైగా ఆ వెబర్‌తో పాటు వచ్చిన ఒప్పందం చూడండి. 2012లో కుదిరింది, 14 ఏళ్లకు 11 కోట్ల డాలర్లు. మాంట్రియల్ చేతికి వచ్చేటప్పటికి వెబర్‌కు ముప్పై ఒకటి రాబోతున్నాయి, ఒప్పందంలో ఇంకా పదేళ్లున్నాయి. 40 ఏళ్ల డిఫెన్స్‌మన్‌కు ఏడాదికి దాదాపు 79 లక్షల డాలర్ల లెక్క రాసుకోవడానికి అప్పుడే ఒప్పుకున్నారన్నమాట. షెడ్డులో పడి ఉన్న కారుకు ఈఎంఐ కట్టడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు మిగతాది చెప్పనక్కర్లేదు.

ఈ రెండు సంతకాలూ ఒకేసారి ఎదురు తిరిగిన చోటు 2021 ఫైనల్. ఎవరూ లెక్కలోకి తీసుకోని మాంట్రియల్ ఆ ఏడాది స్టాన్లీ కప్ ఫైనల్ దాకా వెళ్లింది. ప్రైస్ ఒంటి చేత్తో మోసుకెళ్లాడంటే అతిశయోక్తి కాదు. వెబర్ దెబ్బలతోనే ఆడాడు. అయిదు మ్యాచ్‌లలో టాంపా బే గెలిచింది. ఆ సిరీస్ తర్వాత వెబర్ మళ్లీ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ప్రైస్ ఆడినవి ఐదంటే ఐదే.

అటు వైపు చూస్తే వేరే తమాషా. టాంపా స్టార్ నికితా కుచెరోవ్ 2020 డిసెంబర్‌లో తుంటి సర్జరీ చేయించుకుని లీగ్ దశ మొత్తానికి దూరమయ్యాడు. అతని 95 లక్షల డాలర్లను ‘దీర్ఘకాల గాయం’ పద్దులో వేశారు. కనీసం 10 మ్యాచ్‌లు, 24 రోజులు ఆడలేనివాడిని ఈ పద్దులో పెడితే, అప్పట్లో అతని జీతం మేరకు క్యాప్ దాటి ఖర్చు పెట్టుకునే వీలుండేది. క్యాప్ అన్నది కూడా లీగ్ దశకే ఉండేది, ప్లేఆఫ్స్‌కు ఉండేది కాదు. ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌కు కుచెరోవ్ ఠంచనుగా దిగాడు. 23 మ్యాచ్‌లలో 32 పాయింట్లు (గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) చేశాడు. కప్పు గెలిచాక ‘క్యాప్ కంటే 1.8 కోట్ల డాలర్లు ఎక్కువ’ అని రాసి ఉన్న టీషర్ట్ వేసుకుని తిరిగాడు. నియమం ఏదీ మీరలేదు. అయినా చూసినవాళ్లకు ఒళ్లు మండింది. 2023లో మార్క్ స్టోన్ విషయంలో వేగాస్, 2025లో మాథ్యూ కచుక్ విషయంలో ఫ్లోరిడా ఇదే దారి పట్టి కప్పులు ఎత్తాయి. చివరికి 2025-26 నుంచి ప్లేఆఫ్స్‌లో బరిలోకి దిగే జట్టు జీతాలు కూడా క్యాప్‌లోపే ఉండాలని లీగ్ నియమం మార్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం క్రీడా సంఘాలకు ఎక్కడైనా అలవాటే.

అందరూ ఈ లొసుగు గురించే మాట్లాడతారు కానీ, దీని వల్ల ఇంకో భ్రమ పుట్టింది. ‘గాయపడితే ఏముంది, ఆ పద్దులో వేసేస్తాం’ అని జనరల్ మేనేజర్లు పొడుగాటి ఒప్పందాలకు ధీమాగా సంతకాలు పెట్టారు. ఆ పద్దు ఉచితంగా రాదు. క్యాప్ లోపల ఉండే క్లబ్బుకు వాడని సొమ్ము రోజురోజుకూ పోగవుతుంది, మార్చిలో మంచి ఆటగాడిని కొనడానికి పనికొస్తుంది. గాయాల పద్దు మీద బతికే క్లబ్బుకు అలా పోగవదు. కుర్రాళ్లకు ఇవ్వాల్సిన బోనస్‌లు క్యాప్ దాటితే మరుసటి ఏడాది నెత్తిన పడతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆటగాడు పూర్తిగా పక్కకు తప్పుకుంటేనే ఆ పద్దు పనిచేస్తుంది. ఒక నెల ఆడి మూడు వారాలు కూర్చునేవాడు, వచ్చే వారం దిగుతానేమో అని చెప్పేవాడు, అలాంటివాళ్లకు అది పెద్దగా అక్కరకు రాదు. 2021-22లో ప్రైస్‌తో మాంట్రియల్ పడ్డ అవస్థ అదే. వస్తాడో రాడో తెలియదు, నమ్ముకుని ఉండలేరు, మరొకరిని తెచ్చుకోలేరు. ఆ సీజన్‌లో జట్టు లీగ్‌లోనే అట్టడుగున నిలిచింది. నవంబర్‌లోనే బెర్జవిన్ ఉద్యోగం పోయింది.

బెర్జవిన్‌కు దక్కాల్సిన మెప్పు ఒకటుంది. 2021 జూలైలో కొత్త క్లబ్ సియాటిల్, వేగాస్ తప్ప మిగతా ప్రతి జట్టు నుంచీ ఒక్కొక్కరిని ఎంచుకునే డ్రాఫ్ట్ జరిగింది. ఒక్క గోల్‌కీపర్‌నే కాపాడుకునే వీలుంది. ప్రైస్ తన ‘బదిలీ కుదరదు’ షరతును పక్కన పెట్టడానికి ఒప్పుకున్నాడు. మాంట్రియల్ జేక్ అలెన్‌ను కాపాడుకుని, ఫైనల్‌కు తీసుకెళ్లిన ప్రైస్‌ను బహిరంగంగా అంగట్లో పెట్టింది. నగరం గగ్గోలు పెట్టింది. జూనియర్ రోజుల్లో ప్రైస్ ఆడింది వాషింగ్టన్ రాష్ట్రంలోనే కాబట్టి సియాటిల్ తీసేసుకుంటుందని చాలామంది అనుకున్నారు. సియాటిల్ మోకాలి రిపోర్టులు చూసింది, మిగిలిన 5 ఏళ్లు లెక్కేసుకుంది, కేల్ ఫ్లూరీ అనే చిన్న ఆటగాడిని తీసుకుంది. రెండు రోజులకే ప్రైస్ మోకాలికి సర్జరీ. నా లెక్కలో ఆ డ్రాఫ్ట్ గదిలో రెండు క్లబ్బులూ సరిగ్గానే ఆలోచించాయి. అమ్మజూపినవాడూ మొనగాడే, కొననివాడు ఇంకా మొనగాడు.

తర్వాత వచ్చిన జనరల్ మేనేజర్ కెంట్ హ్యూస్ ఈ పాత అప్పులను ఒక్కొక్కటిగా వదిలించుకున్నాడు. 2022 జూన్‌లో వెబర్ ఒప్పందాన్ని వేగాస్‌కు పంపాడు. అక్కడి నుంచి అది అరిజోనాకు, యూటాకు, షికాగోకు తిరిగింది, మనిషి మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. మధ్యలో 2024 నవంబర్‌లో వెబర్‌ను హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి కూడా తీసుకున్నారు. ఒక చేత్తో శాలువా కప్పించుకుంటూ, కాగితాల మీద ఇంకా ‘ప్రస్తుత ఆటగాడు’ అన్నమాట! ప్రైస్ విషయంలో హ్యూస్ తొందరపడలేదు. ఒప్పందంలో చివరి ఏడాది వచ్చేదాకా, సెప్టెంబర్‌లో ఇవ్వాల్సిన 55 లక్షల డాలర్ల బోనస్ మాంట్రియలే చెల్లించేదాకా ఆగాడు. అప్పుడు చేతి నుంచి ఇవ్వాల్సింది 20 లక్షల జీతమే, క్యాప్‌లో రాసుకునే లెక్క మాత్రం కోటీ 5 లక్షలు. లీగ్ విధించిన కనీస ఖర్చు చూపించాల్సిన షార్క్స్ లాంటి క్లబ్బుకు అది తక్కువ డబ్బుతో ఎక్కువ అంకె. ఏళ్లు కరిగితే ఎంత పెద్ద జీతమైనా అమ్ముడుపోతుంది. 5 ఏళ్లున్నప్పుడు ఊరికే ఇస్తామన్నా సియాటిల్ తీసుకోని ఒప్పందానికి, ఒక్క ఏడాది మిగిలేసరికి గిరాకీ వచ్చింది.

ఇదే మనిషి 2024 ఆగస్టులో పాట్రిక్ లైనేను తెచ్చాడు. గాయాలంటే లైనే, లైనే అంటే గాయాలు అన్నట్టున్న రోజులవి. అంతకుముందు సీజన్‌లో కొలంబస్‌కు 18 మ్యాచ్‌లే ఆడాడు. జీతం 87 లక్షల డాలర్లు. మళ్లీ అదే గోతిలో పడ్డారని విమర్శించినవాళ్లున్నారు. కానీ ఒప్పందంలో మిగిలింది రెండేళ్లే. మాంట్రియల్ ఇచ్చింది జోర్డన్ హారిస్ అనే ఒక డిఫెన్స్‌మన్‌ను, లైనేతో పాటు కొలంబస్ నుంచి రెండో రౌండ్ ఎంపికను ఎదురు పుచ్చుకుంది. సెప్టెంబర్‌లో సన్నాహక మ్యాచ్‌లోనే లైనే మోకాలు దెబ్బతింది. డిసెంబర్‌లో తిరిగొచ్చి 52 మ్యాచ్‌లలో 20 గోల్స్ కొట్టాడు, అందులో 15 పవర్ ప్లేలో, అంటే ఎదుటి జట్టు ఆటగాడు శిక్షగా బయట కూర్చున్నప్పుడు. జట్టు ప్లేఆఫ్స్‌కు చేరింది. అక్కడ అతను రెండు మ్యాచ్‌లే ఆడాడు. 2025 అక్టోబర్‌లో 5 మ్యాచ్‌లు కాగానే మళ్లీ సర్జరీ.

అభిమానిగా చూస్తే లైనే కొనుగోలు విఫలమైందనే అనిపిస్తుంది. మేనేజ్‌మెంట్ లెక్కలో కాదు. అతని పేరు మీద 2026 వేసవి తర్వాత మాంట్రియల్ ఖాతాలో ఒక్క డాలరు కూడా ఉండదు.

ఎన్నేళ్లు అన్న ప్రశ్నకు వయసుతో కూడా సంబంధం ఉంది, అది చెప్పకపోతే నా వాదన సగమే. బఫలో కెప్టెన్ జాక్ ఐకెల్‌కు 2021 మార్చిలో మెడ డిస్క్ దెబ్బతింది. వెన్నుపూసలు కలిపేసే సర్జరీ చేయించుకోమని క్లబ్ డాక్టర్లు, కృత్రిమ డిస్క్ వేయించుకుంటానని అతను. అప్పటిదాకా ఏ ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడూ ఆ సర్జరీ చేయించుకోలేదు. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఉమ్మడి ఒప్పందం ప్రకారం చివరి మాట క్లబ్బుదే. నెలల తరబడి బిగిసి కూర్చుని, కెప్టెన్సీ తీసేసి, నవంబర్‌లో వేగాస్‌కు పంపేశారు. వేగాస్ అతను అడిగిన సర్జరీకి ఒప్పుకుంది. ఏడాదికి కోటి డాలర్ల చొప్పున ఇంకా 5 సీజన్లు, అంటే సియాటిల్ వద్దనుకున్న ప్రైస్ ఒప్పందం అంతే పొడుగు. కానీ ఐకెల్‌కు 25 ఏళ్లు. 2023లో వేగాస్ కప్పు గెలిచినప్పుడు ప్లేఆఫ్స్‌లో అందరికన్నా ఎక్కువ, 26 పాయింట్లు అతనివే.

2026 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చే కొత్త ఉమ్మడి ఒప్పందంలో సొంత ఆటగాడికి 8 ఏళ్లకు బదులు 7, బయటివాడికి 7కు బదులు 6 మించి ఇవ్వకూడదని రాసుకున్నారు. ఒకప్పుడు ఈ హద్దే లేదు. 2006లో న్యూయార్క్ ఐలాండర్స్ గోల్‌కీపర్ రిక్ డిపియెట్రోకు 15 ఏళ్లకు రాసిచ్చింది. గాయాలతో అతని కెరీర్ మధ్యలోనే ఆగింది, 2013లో బైఅవుట్ చేశారు. ఆ క్లబ్ అతనికి ఇప్పటికీ ఏటా 15 లక్షల డాలర్లు పంపిస్తోంది. చివరి చెక్కు 2029లో.