సవరణ: 2500 రేటింగ్ ఒక్కటే గ్రాండ్‌మాస్టర్‌ను చేయదు

వర్ధమాన చెస్ క్రీడాకారుల గురించిన మునుపటి టపాలో ‘2500 దాటగానే గ్రాండ్‌మాస్టర్ హోదా’, ‘18 ఏళ్లలోపు అందరికీ కె విలువ 40’ అని ఉన్న రెండు వాక్యాలనూ మార్చి చదవండి. (కె విలువ అంటే ఒక్కో ఆటతో రేటింగ్ ఎంత మారాలో నిర్ణయించే గుణకం.)

హోదాకు రేటింగ్‌తో (ఆట బలాన్ని తెలిపే పాయింట్లు) పాటు నార్మ్‌లు (టోర్నీలో నిర్దేశిత స్థాయి ప్రదర్శనకు దక్కే గుర్తింపులు) కావాలి. అన్నీ కలిపి కనీసం 27 ఆటలు ఉండాలి, అంటే మామూలుగా 9 రౌండ్ల టోర్నీలు మూడు. ప్రతి నార్మ్‌కీ 2600 రేటింగ్ స్థాయి ప్రదర్శన చూపాలి, ప్రత్యర్థుల్లో కనీసం ముగ్గురు గ్రాండ్‌మాస్టర్లు ఉండాలి. ప్రతిభ ఉన్న పిల్లలు చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు: ఎంత బాగా ఆడినా పెయిరింగ్‌లో (ఎవరితో ఎవరు ఆడాలన్న జతల్లో) తగినంతమంది గ్రాండ్‌మాస్టర్లు తగలకపోతే నార్మ్ రాదు. 2500 మాత్రం టోర్నీ మధ్యలో ఒక్కసారి తాకినా చెల్లుతుంది.

ఇక కె విలువ. పిల్లలకు 40 వర్తించేది రేటింగ్ 2300 లోపు ఉన్నంతవరకే. ఆపైన 20. ఒకసారి 2400 చేరితే 10, మళ్లీ కిందికి పడిపోయినా అంతే. సమాన రేటింగ్ ఉన్న ప్రత్యర్థిపై గెలుపుకు మొదట 20 పాయింట్లు వస్తే, 2400 తర్వాత వచ్చేవి 5. ఆ దశలో రేటింగ్ నెమ్మదించిందని పిల్లల ఎదుగుదల ఆగిపోయిందనుకోవడం అన్యాయం. తల్లిదండ్రులు ఇది తప్పక గమనించాలి.

ఆ టపాలోని గుకేశ్ వివరాల్లో మార్పు లేదు: 2024 డిసెంబరు 12న, 18 ఏళ్ల వయసులో, సింగపూర్‌లో చైనా క్రీడాకారుడు డింగ్ లిరెన్‌పై 7.5–6.5తో ప్రపంచ విజేత.