ఒక్క కటా చాలదు

"జీవితాంతం ఒకే కటా చేస్తే చాలు, మిగతావన్నీ బెల్టు పరీక్షల కోసమే" అనే మాట కరాటే సాధకుల నోట తరచుగా వింటున్నాను. కటా అంటే దెబ్బలనూ అడ్డుకోవడాలనూ నిర్ణీత వరుసలో ఒంటరిగా చేసే సాధన. వినడానికి గంభీరంగానే ఉంటుంది. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

ఈ వాదనకు అండగా అందరూ షోటోకాన్ కరాటే శైలికి ఆద్యుడైన గిచిన్ ఫునాకోషినే తెచ్చుకుంటారు. మూడు నైహాంచి కటాలకు, అంటే షోటోకాన్‌లో టెక్కి అని పిలిచేవాటికి, ఆయన పదేళ్లు వెచ్చించిన మాట నిజమే. కానీ అదే ఫునాకోషి 1935లో వెలువరించిన గ్రంథంలో 15 కటాలను వివరించారు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. మూడింటి మీద పదేళ్లు నిలబడ్డారంటే అది ఆయన ఓపిక. మిగతావి అక్కర్లేదని ఆయన అన్నట్టు కాదు.

అసలు విషయం శరీరానిది. దానికి అలవాటైన దారిలో పోవడమే ఇష్టం. ఆ మూడింటిలో మొదటిదైన టెక్కి షోదాన్ తీసుకోండి. గుర్రమెక్కినట్టు కాళ్లు ఎడం చేసి కుంగే కిబా దాచి భంగిమలో కూర్చుని, ఒకే గీత మీద పక్కలకు మాత్రమే కదలాలి. ముందు తల తిరగాలి, తర్వాతే చెయ్యి. పాదాన్ని లోపలికి ఎత్తి దించే నామి గయేషిలో నడుము ఎత్తు వేలెడంత కూడా మారకూడదు. ఇది అద్భుతమైన శిక్షణ, కాదనను. ఇప్పుడు ఎంపి అనే కటా చేయండి. పిడికిలి కింది నుంచి గడ్డానికి లేస్తుంది, అదే చెయ్యి తెరుచుకుని పట్టుకుంటుంది, మోకాలు పైకి వస్తుంది, ముందుకు దూకి కాళ్లు పెనవేసి దిగుతూనే కిందికి గుద్దు పడుతుంది. ఆ లేవడం, కుంగడం టెక్కిని ఎన్నేళ్లు చేసినా రావు. హాంగెత్సు కటాలో ఊపిరితో పాటే నెమ్మదిగా సాగాలి. గంకాకులో ఒంటికాలి మీద నిలవాలి. ఒక్కో కటా ఒక్కో లోపాన్ని బయటపెడుతుంది. మనకు నచ్చని కటాయే సాధారణంగా మనకు అవసరమైనది.

మరో లాభం, నాకు అన్నిటికంటే ప్రియమైనది, పోల్చి చూసుకోవడం. మొదట్లో నేర్పే హెయాన్ కటాల్లోని కదలికలు కాంకు దాయ్ అనే కటాలో వేరే వరుసలో మళ్లీ ఎదురవుతాయి. ముందూ వెనకా ఏముందో మారగానే, దెబ్బను ఆపడం అనుకున్నది పట్టుకుని లాగడంలా కనిపించడం మొదలవుతుంది. గోజు ర్యూ అనే మరో శైలిలోని సేసాన్ కటానూ, షోటోకాన్ హాంగెత్సునూ పక్కపక్కన చేసి చూడండి. రెండింటి మూలం ఒకటే. ఏది మారింది, ఏది మిగిలింది అని అడుగుతూ చేస్తే బుంకాయ్, అంటే కదలికల అసలు ప్రయోగం, దానంతటదే తెరుచుకుంటుంది. ఒక్క కటా దగ్గరే ఉండిపోయినవారికి ఈ ప్రశ్న ఎలా పుడుతుంది?

షితో ర్యూ శైలిని స్థాపించిన కెన్వా మబుని ఒకినావాలోని షురి ప్రాంతపు సంప్రదాయాన్ని ఇతోసు దగ్గర, నాహా ప్రాంతపు సంప్రదాయాన్ని హిగఓన్నా దగ్గర నేర్చుకున్నారు. ఆ గురువులిద్దరూ 1915లోనే కన్నుమూశారు. ఒక్కరితో సరిపెట్టుకుని ఉంటే, 50కి పైగా కటాలున్న షితో ర్యూ ఇవాళ ఈ రూపంలో ఉండేది కాదు.

కొద్దిపాటి కటాలతోనే సాగే ఉఎచి ర్యూ శైలి మాటేమిటని అడుగుతారు. నిజమే, దాని మూలపురుషుడు కాన్‌బున్ ఉఎచి చైనా నుంచి తెచ్చినవి మూడు కటాలే. వాటి లోతు ముందు తలవంచుతాను. అయినా తర్వాతి తరం మరో ఐదు చేర్చి 8 చేసింది. మూడింటి విలువ తెలిసినవారే ఆ పని చేశారని మరచిపోకండి.

పేర్లు పోగేసుకుని ఏదీ సాధన చేయనివారి గురించి నేను మాట్లాడటం లేదు. అది ఎవరికీ పనికిరాదు. నా బాధ పరీక్ష అయిన మర్నాడే కటాను వదిలేసేవారి గురించి, కొత్తది అడిగిన శిష్యుణ్ని "అది నీ బెల్టుకు కాదు" అని కసిరేవారి గురించి. బెల్టు రంగు చూసి కుతూహలాన్ని అణచకండి. నల్ల బెల్టు కట్టుకుని కూడా పాత కటాకే అతుక్కుపోయినవారు ఈ వారమే చింతే అనే కటా మొదలుపెట్టండి. చివర్లో వెనక్కి వేసే ఆ మూడు చిన్న గెంతులు ఎందుకున్నాయో తేల్చుకుని, నాతో వాదనకు రండి.