యాభైకి ఆరు వందల మీటర్లు తక్కువ

పోయిన శనివారం పొద్దున తొమ్మిది దాటాక అలిపిరి గరుడ సర్కిల్ దగ్గర ఒక మహత్కార్యం జరిగింది. మర్నాడు ఏ పేపర్లోనూ రాలేదు, జిల్లా పేజీలో మూలన కూడా వెయ్యలేదు. సరే, వాళ్ల పాపం వాళ్లది. చరిత్రకు అన్యాయం జరగకూడదని నేనే రాస్తున్నా. మా తోడల్లుడు ఆ రోజు 49.4ను 50 చేశాడు.

ఇందులో ఏముంది అని మీకు అనిపిస్తే, మీరు సైకిలు తొక్కి ఉంటారు గానీ ‘రైడ్’ చేసి ఉండరు. రెండూ వేరు. తొక్కడం అంటే పిండి పట్టించడానికో, పాలు పొయ్యడానికో, ట్యూషన్‌కో ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవడం. రైడ్ అంటే బయల్దేరిన చోటికే మళ్లీ రావడం, కాకపోతే చేతిలో ఒక అంకెతో రావడం. ఆ అంకె చివర సున్నా ఉండాలి. స్ట్రావా అని ఒక యాప్ ఉంది, 2009 నుంచీ ఉంది, మన ఊరికి కాస్త ఆలస్యంగా వచ్చింది. మీరు ఎక్కడెక్కడ తిరిగారో జీపీఎస్‌తో గీత గీసి, ఎంత దూరం, ఎంత ఎత్తు, గంటకు ఎంత స్పీడు అన్నీ చెప్పి లోకానికి చూపిస్తుంది. అందులో ఎక్కితేనే మీరు తొక్కినట్టు. ఎక్కకపోతే మీ కాళ్ల నొప్పులు కూడా చెల్లవు.

49.4 కిలోమీటర్లు ఎందుకు పనికిరావో కూడా చెప్పాలి. బడిలో లెక్కల సారు ఏమన్నారు? సగం దాటితే పై అంకె, దాటకపోతే కింది అంకె. అంటే 49.4 అనేది 49. నలభై నాలుగేళ్ల మనిషి, బ్యాంకులో ఆఫీసరు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, లోకం ముందు 49గా నిలబడాలా?

అందుకని ఆయన, అలిపిరి దగ్గర అందరితో పాటు టీ తాగి, ఇక ఆపుదామని హ్యాండిల్ మీద దూరం చూపించే డబ్బాలో చూసుకుని, తాగుతున్న రెండో టీ సగంలో వదిలేసి సైకిలెక్కాడు. నేను మా వాడి స్కూటర్ మీద వెనకాల వచ్చి అప్పుడే దిగుతున్నా. ‘ఎక్కడికి తమ్ముడూ?’ అంటే ‘ఒక్క ఆరు వందల మీటర్లన్నా, వచ్చేస్తా’ అన్నాడు. దూరం పోతే మళ్లీ వెనక్కి రావాలి కదా. అందుకని గరుత్మంతుడి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

మన దేశంలో బండ్లన్నీ రోడ్డుకు ఎడమ పక్కన పోతాయి. కాబట్టి సర్కిల్ చుట్టూ తిరిగితే విగ్రహం ఎప్పుడూ మన కుడిచేతి వైపే ఉంటుంది. అంటే మోటారు వాహనాల చట్టం ప్రకారం తిరిగినా ఆగమం ప్రకారం అది ప్రదక్షిణమే. పైగా ఆయన వేసుకున్నది కళ్లు చెదిరే పసుపురంగు జెర్సీ. తిరుపతిలో గరుడ సర్కిల్ దగ్గర పసుపు బట్టలేసుకుని గుండ్రంగా తిరిగే మనిషిని చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? గోవింద మాల అనుకుంటారు. మూడో చుట్టుకే తమిళనాడు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, కాలిబాట మీద మూట పెట్టుకుని కూర్చున్నది కాస్తా లేచి నిలబడింది. ‘ఏం వేండుదలప్పా ఇది?’ అని పక్కనాయన్ని అడిగింది. ఆయన జీపు డ్రైవరు, రోజుకు వంద రకాల మొక్కులు చూసేవాడు, ‘కొత్తగా పెట్టినట్టుండారు పాటీ’ అన్నాడు. నాలుగో చుట్టుకు ఆమె దండం పెట్టింది. అయిదో చుట్టుకు, గుండు మీద గంధం ఇంకా తడారని ఒక పిల్లోడు ‘గోవిందా’ అని ఆయన వెనకాల పరుగెత్తాడు. వాడి వెనకాల వాళ్ల నాన్న, వాడిని పట్టుకోవడానికే అనుకోండి, కానీ చూసేవాళ్లకు ముగ్గురు భక్తులు. ఆరు చుట్లకు లెక్క సరిపోయింది. అయినా ఆయన ఆగలేదు. ఎందుకంటే డబ్బాలో 50.0 అని చూపించినది అప్‌లోడ్ చేశాక 49.98 అయి కూర్చుంటుందట, పోయిన నెల ఒకాయనకు అట్లా జరిగి రెండు రోజులు అన్నం సయించలేదట. కాబట్టి సేఫ్టీకి ఇంకొకటి. ఏడు.

ఏడుకొండలవాడి పాదాల దగ్గర ఏడు చుట్లు. ఇంక ఎవరికైనా అనుమానం మిగులుతుందా? ఆయన దిగి, ఒగరుస్తూ, ఆ డబ్బా నొక్కుతుంటే పెద్దావిడ దగ్గరికొచ్చి కొంగుముడి విప్పి రెండు రూపాయల బిళ్ల తీసి, చేతులు ఖాళీగా లేవని చూసి, జెర్సీ వెనకాల ఉండే మూడు జేబుల్లో నడుమ దాంట్లో, సగం తిన్న అరటిపండు పక్కన వేసింది. ఆయన గమనించనే లేదు. 50.1 చూస్తున్నాడు.

పక్కనే మెట్లదారి. 3550 మెట్లు. పసుపు, కుంకుమ డబ్బాలు పట్టుకుని ఒక్కో మెట్టుకూ వంగి బొట్టు పెట్టుకుంటూ ఎక్కేవాళ్లను రోజూ చూస్తాం, చివర సున్నా ఉంది కాబట్టి వాళ్లకు పైకి పోయాక అదనంగా తిరగాల్సిన పని లేదు. అదృష్టవంతులు.

ఈయన ఇట్లా అవుతాడని రెండేళ్ల కిందట ఎవరికీ తెలియదు. డాక్టరు నడవమన్నాడు, ఈయన సైకిలు కొన్నాడు. మొదట మామూలుదే. తర్వాత గేర్లది. తర్వాత కార్బన్‌ది, దాని ధర మా మరదలికి చెప్పినది ఒకటి, నాకు చెప్పినది ఒకటి, అసలుది ఇంకొకటి. పోటీల్లో వాడే సైకిలు 6.8 కిలోల కంటే తేలిగ్గా ఉండకూడదని అంతర్జాతీయ సంఘం రూలు పెట్టిందట. ఈయనది 8.9. ఆ రెండు కిలోల కోసం చేస్తున్న తపస్సు చూస్తే భగీరథుడు గుర్తొస్తాడు. సీటు మార్చి 110 గ్రాములు తగ్గించాడు. స్టాండు ఎప్పుడో పోయింది, అందుకే ఆ సైకిలు ఎప్పుడూ ఏదో ఒక గోడకు ఒరిగి ఉంటుంది. మడ్‌గార్డులు పోయాయి, వానొస్తే వీపు మీద బురద గీత. చివరికి బెల్లు కూడా పీకేశాడు, నలభై గ్రాములట. చంద్రగిరిలో రెండు కారం దోసెలు, ఒక వడ తిని ఎక్కేటప్పుడు మాత్రం కాటా ఎక్కడా కనబడదు.

టైరులో గాలి పోతే ఒకసారి నేనే కొర్లగుంటలో నాకు తెలిసిన పంక్చర్ షాపుకు తీసుకుపోయా. చిన్నప్పుడు గంటకు ఇంత అని అద్దెకు తీసుకుని, సీటు అందక బారు కింద నుంచి కాలు దూర్చి నేను నేర్చుకున్నది ఆ షాపు సైకిలు మీదే. ఆ పెద్దాయన సన్నటి ఇత్తడి వాల్వును అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ‘దీనికి వాల్వ్ ట్యూబు యాడ పెడతారు సామీ?’ అన్నాడు. మా తోడల్లుడు జాలిగా నవ్వి ‘ఇది ప్రెస్టా’ అన్నాడు. ‘ఏదైనా గాలే గదప్పా’ అన్నాడు పెద్దాయన. దానికి ఈయన దగ్గర ఇంతవరకూ జవాబు లేదు.

నిజంగా తొక్కేవాళ్లను నేనేమీ అనను, అది కూడా చెప్పేస్తున్నా. బ్రెవే అని టైము పెట్టి తొక్కే దూరపు రైడ్ ఒకటుంది, 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 అయితే నలభై గంటల్లో ముగించాలి. నాలుగేళ్లకోసారి పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా పోయి రావాలి, 1200 కిలోమీటర్లు, 2023లో జరిగింది, మనోళ్లు కూడా పోయి తొక్కి వస్తారు. మా తోడల్లుడికి ఇవన్నీ కంఠతా వచ్చు. అందులో ముందొచ్చినవాడికి ఏ బహుమతీ లేదన్నది మాత్రం ఎప్పుడూ చెప్పడు. టైములోపల వచ్చినవాళ్లంతా ఒకటే. దారిలో ఎవరైనా ఇబ్బందిలో ఉంటే ఆగి, పంపు ఇచ్చి, నీళ్లిచ్చి, మళ్లీ బయల్దేరినా వాళ్ల కొంప మునగదు.

ఆగడం గురించే అసలు చెప్పాలి. ఇప్పటిదాకా నవ్వుకుంటూ రాశా గానీ, ఇక్కడి నుంచి నావల్ల కాదు.

ఆ రోజు నేను స్కూటర్ మీద ఎందుకున్నానంటే ఫొటోలకు. ‘అన్నా, మబ్బుల్లోనే లేచి రా, యాక్షన్ షాట్లు కావాలి’ అన్నాడు. మా వాడు బండి నడుపుతుంటే నేను వెనక్కి తిరిగి కూర్చుని తీస్తూ ఉన్నా. చంద్రగిరి నుంచి తిరిగి వస్తూ తొండవాడ దాటాక, ఒక పాప ముందర పోతా ఉంది. ఎనిమిదో తొమ్మిదో చదువుతూ ఉంటుంది. యూనిఫాం, క్యారియర్ మీద పుస్తకాల బ్యాగు, హ్యాండిల్‌కు పాల క్యాను. వాళ్లక్కకు బళ్లో ఇచ్చిన సైకిలంట, సీటు ఇంకా ఎత్తుగానే ఉంది. ఇంటి పాలు కేంద్రంలో పోసి, అట్నే బడికి పోవాలి. రోడ్డు అంచునే పోతోంది, ఎవరికీ అడ్డం లేదు.

వెనకాల నుంచి ఈయన. బెల్లు లేదు కదా, నలభై గ్రాములు. ‘సైడ్! సైడ్! సైడ్!’ అని ఒక్క అరుపు. ఆ పిల్ల ఉలిక్కిపడింది, చక్రం తారు దిగి కంకరలో పడింది. పడిపోలేదు, కాలు ఆనించి ఆపుకుంది గానీ క్యాను ఊడి కింద పడి మూత ఎగిరింది. ఈయన వెనక్కి చూశాడు. చూడలేదంటే ఒప్పుకోను, నా దగ్గర ఫొటో ఉంది. చూసి, చెయ్యి ఒకసారి ఎత్తి, వెళ్లిపోయాడు.

మేం ఆగాం. ఆ పిల్ల ముందు క్యానును నిలబెట్టింది. తర్వాత మూత వెతికి చున్నీతో తుడిచింది. తర్వాత లోపలికి తొంగి చూసింది. సగం కూడా లేదు. కంకర మీద నురగ ఇంకా పోలేదు, చుట్టూ దుమ్ము ఉండలు ఉండలుగా తేలుతోంది. రెండున్నర లీటర్లంట, కేంద్రంలో పుస్తకంలో ఆ పూటకు రాయాల్సిన అంకె. ఒక లీటరు రాస్తారేమో. ఆ పిల్ల ఏ సర్కిల్ చుట్టూ తిరిగితే అది రెండున్నర అవుతుంది?

అలిపిరిలో అడిగా, ఏడు చుట్లూ అయ్యాక. ‘ఎందుకు ఆగలేదురా?’ అన్నా. తమ్ముడూ అని పిలవడానికి నోరు రాలేదు. ‘యావరేజ్ పడిపోతుందన్నా, 26 వస్తోంది ఆ టైముకి’ అన్నాడు.

ఒరేయ్, ఆ యాప్ ఆగిన టైము లెక్కే వెయ్యదు కదరా! నువ్వు నిలబడితే దాని గడియారం కూడా నిలబడుతుంది. నువ్వే కదా నాకు నేర్పించావు. కదిలిన టైముకే యావరేజ్. చంద్రగిరిలో దోసెల కోసం నలభై నిమిషాలు కూర్చున్నావు, యావరేజ్ ఇంత కూడా తగ్గలేదు. వడ ఇంకా వేగాలంటే వేగేదాకా ఆగావు. దోసెకు ఆగినవాడివి పాలకు ఆగలేవా? ప్రపంచ సైకిలు దినోత్సవం అని జూన్ 3న, ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించిందని మైకులో చెప్పి మరీ, ‘సైకిలుకు దారివ్వండి’ అని అట్టముక్క పట్టుకుని బాలాజీ కాలనీ దాకా ఊరేగావే, ఆ అట్టముక్క ఎవరి కోసం? ఆ పిల్ల తొక్కుతున్నది సైకిలు కాక విమానమా? బస్సులు మమ్మల్ని పురుగుల్లా చూస్తాయన్నా, హారన్ కొట్టి కంకరలోకి తోస్తాయన్నా అని నా దగ్గర ఎన్నిసార్లు ఏడ్చావు!

ఇదంతా అక్కడే అన్నాను. నలుగురూ చూశారు. ఆయన తల వంచుకుని విన్నాడు. నాకూ మనసు కాస్త మెత్తబడింది. అంతలో చూస్తే తల వంచింది ఫోన్‌లోకి. అప్‌లోడ్ అవుతోంది. 50.06. మొదటి కూడోస్, అంటే ఆ యాప్‌లో లైకు, నేను తిడుతుండగానే వచ్చింది, ఇచ్చినవాడు పక్కనే టీ తాగుతున్నాడు.

తొండవాడ దగ్గర ఆ పిల్లకు వంద రూపాయలు ఇవ్వబోతే తీసుకోలేదు. ‘వద్దు మామా, ఎవరిచ్చినారని మాయమ్మ కొడతాది’ అంది. క్యాను మళ్లీ హ్యాండిల్‌కు తగిలించుకుంది, ఈసారి తాడు రెండు చుట్లు తిప్పి. పెడల్ మీద కాలు పెట్టి, ఈయన పోయిన వైపు చూసి అడిగింది:

‘ఆ అన్న ఎందుకు మామా అంత తొందరగా పోయినాడు? వాళ్లింట్లో ఎవరికన్నా బాగలేదా?’

‘అలిపిరి కాడ ఏదో పనుందంటలే పాపా’ అన్నాను.