ఎడారిలో కాక్టస్ కోసి నీళ్లు తాగొచ్చన్న మాట నమ్మకండి

అరిజోనాలో ఉండే మనవాళ్ల హైకింగ్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అక్షాంశ, రేఖాంశాలు పూర్ణ సంఖ్యల్లో కలిసే బిందువును, ఉదాహరణకు 32 డిగ్రీల ఉత్తరం, 112 డిగ్రీల పశ్చిమాన్ని, వెతుక్కుంటూ వెళ్లడం చాలా తేలికట. ఫోన్‌లో బాణం చూపిన వైపు నేరుగా నడవడమేనట. నీళ్లు అయిపోతే కాక్టస్ కోసి తాగొచ్చట. చోయా అనే కాక్టస్ మాత్రం మీదికి దూకుతుందట, దానికి దూరంగా ఉంటే చాలట. ఇది నమ్మి ఎవరైనా బయల్దేరతారేమోనని నాకు నిజంగా భయంగా ఉంది.

ముందు నీళ్ల సంగతి, ప్రాణం మీదికి తెచ్చేది అదే. కాక్టస్ లోపల తాగే నీళ్లు నిలవ ఉండవు. చెట్టంత ఎత్తు పెరిగే సవారో అనే కాక్టస్‌ను అనుమతి లేకుండా కోయడం అక్కడ నేరం. కోసినా దొరికేది జిగట గుజ్జే. పీపాలా ఉండే బారెల్ కాక్టస్ గుజ్జులో ఆక్సాలిక్ ఆమ్లం ఉంటుంది. అది తిని వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో మిగిలిన నీరు కూడా పోతుంది. మండుటెండలో నడిస్తే చెమట రూపంలోనే గంటకు లీటరు దాకా పోతుంది మరి! తరతరాలుగా ఆ ఎడారిలో బతుకుతున్న టోహోనో ఓధమ్ ప్రజలు సవారో నుంచి కోసుకునేది ఎండాకాలంలో పండే పళ్లను. అన్నట్టు, పైన చెప్పిన బిందువు ఉన్నది వాళ్ల నేలలోనే. అనుమతి అడగాలన్న ముక్క ఆ మెసేజ్‌లో లేనే లేదు.

బాణం దిక్కు సరిగ్గానే చూపిస్తుంది, కానీ మధ్యలో ఉన్న వాగునూ ముళ్లపొదనూ చూపించదు. సెల్ సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాప్‌ను మాత్రం ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఎండకు ఫోన్ వేడెక్కి ఆగిపోతే అదీ ఉండదు. ఇలాంటి బిందువులకు వెళ్లొచ్చినవాళ్ల ఫొటోలను, అనుభవాలను సేకరించే డిగ్రీ కన్‌ఫ్లుయెన్స్ ప్రాజెక్ట్ 1996లో మొదలైంది. అది బిందువుకు 100 మీటర్ల లోపు చేరినా లెక్కలోకి తీసుకుంటుంది. ఇక స్క్రీన్ మీద డిగ్రీల తర్వాత అన్నీ సున్నాలే కనబడాలని ముళ్లలోకి దూరడం దేనికి?

చోయా దూకదు. దాని కణుపులు బట్ట తగిలితే చాలు ఊడొచ్చేస్తాయి, ముళ్లకు వెనక్కి తిరిగిన సన్నటి కొక్కేలుంటాయి. రాలిన ముక్కలు నేలంతా పడి ఉంటాయి కాబట్టి మొక్కకు దూరంగా ఉన్నా బూటుకు అంటుకుంటాయి. చేత్తో పీకితే చేతికి గుచ్చుకుంటాయి. దువ్వెనను ముక్కకూ చర్మానికీ మధ్య దూర్చి, మనుషులు లేని వైపుకు ఒక్క ఊపులో ఎగరగొట్టాలి. మిగిలిన ముళ్లను పట్టకారుతో లాగేయాలి.